గాలి వాయవ్యం

పాస్టరు గారు అన్నారు:
"ఒటీలియాకు పూలతోటంటే ప్రాణం."
రెండో వరుసలో వెర్నా పిన్ని దగ్గింది.
నేను కిటికీలోంచి మంచును చూశాను,
నవ్వు దాచుకోవడానికి
ఆ చర్చిలో ఇంకో చోటు లేదు.

మా అమ్మమ్మకు తోటంటే ఒళ్ళుమంట.
కలుపు తీస్తూ తీస్తూ నడుం పట్టుకుని లేచి
జర్మన్‌లో ఏదో అనేది.
ఆ మాటకు అర్థం మాకెవరికీ చెప్పలేదు,
బంగాళదుంపలకు తెలిసే ఉంటుంది.

ఆమె ప్రాణం దున్నకంలో ఉంది.
అన్న రైన్‌హోల్ట్ చెయ్యి విరిగిన వేసవిలో
ఇంకెవరూ దొరక్క వాళ్ళ నాన్న
ఆరు గుర్రాల పగ్గాలు
పద్నాలుగేళ్ళ పిల్ల చేతిలో పెట్టాడు.
చెయ్యి అతుక్కున్నాక తిరిగి అడిగాడు.
ఆమె ఇవ్వలేదు.

నార్త్ డకోటాలో వాన దారి మరిచిన ఏళ్ళవి.
గోధుమ మోకాలెత్తు రాకుండానే మాడిపోతే
ముళ్ళకంప కోసి, ఉప్పు చల్లి ఆవులకు మేపారు.
పాలు చేదెక్కాయి.
ఆ చేదు మీగడనే డబ్బాకెత్తి
రైలుస్టేషన్లో అమ్మి బూట్లు కొన్నారు.
ఒక్క జత. ఇద్దరికి.
సోమ, బుధవారాలు రైన్‌హోల్ట్ బడికి.
మంగళ, గురువారాలు ఆమె, ముందువైపు కాగితాలు కుక్కుకుని.
శుక్రవారం ఎవరు ముందు లేస్తే వాళ్ళవి.
"ఒక్క శుక్రవారం కూడా వదల్లేదు" అనేది
తొంభై దాటాక కూడా, అదే గెలుపు గొంతుతో.

ఎమిల్ తాత పెళ్ళి మాట అడగడానికి వచ్చిన పొద్దున
ఆమె కొట్టంలో
మోచేతి దాకా ఆవు కడుపులో చెయ్యిపెట్టి
అడ్డం తిరిగిన దూడను సరిచేస్తోంది.
తల తిప్పకుండానే తాడు అందించి
"పట్టుకో" అంది.
తాత దాన్నే ఔననుకున్నాడు.
కాదని ఆమె ఎప్పుడూ అనలేదు.

మాటలంటే ఆమెకు మహా పొదుపు.
వంటింటి తలుపు వెనక మేకుకి
ధాన్యం కొట్టువాళ్ళు ఏటా ఇచ్చే క్యాలెండరు,
దారానికి వేలాడే పెన్సిలు ముక్క.
రోజుకో గడి. గడికి ఒక వరుస.

చర్చి నుంచి వచ్చాక
నేలమాళిగలో డెబ్భై ఒక్క క్యాలెండర్లు దొరికాయి.
కూరపళ్ళేలు ఒళ్ళో పెట్టుకుని నేలమీదే కూర్చుని
ఎవరి పుట్టినరోజు వాళ్ళం వెతుక్కున్నాం.
నాది:
"మంచు. పంపు గడ్డకట్టింది. డోరిస్‌కు ఆడపిల్ల. గుడ్లు తొమ్మిది."
వెర్నా పిన్ని పెళ్ళిది:
"వడగళ్ళు. ఇరవై ఎకరాలు పోయాయి. కేకు బాగుంది."
నవ్వాం. పిన్ని అలిగింది, మళ్ళీ నవ్వింది.

ఆ తర్వాత ఎవరం అనుకోకుండానే
అందరి చేతులూ ఒకే ఏడాది వైపు జరిగాయి.
అక్టోబరు. తాత పోయిన రోజు.
గడి ఖాళీ.
పెన్సిలు మొన ఒకచోట గుచ్చుకుని
కాగితం చిరిగింది, అంతే.
మరునాటి గడిలో రెండే మాటలు:
"గాలి లేదు."

"లేకపోవడమేమిటి?" అంది వెర్నా పిన్ని,
"పెట్టె ఎంచడానికి వెళ్తే
కారు తలుపు చేతిలోంచి లాక్కుపోయింది కదా!"
అమ్మ ఏమీ అనలేదు.
లేచి వెళ్ళి చల్లారిన కాఫీ మళ్ళీ వేడిచేసింది.

చివరి ఏళ్ళలో ఫోన్ చేస్తే
ఎలా ఉన్నావని అడిగేది కాదు.
"అక్కడ గాలి ఎటు?" అనేది.
పన్నెండో అంతస్తులో
కిటికీలు తెరుచుకోని ఇంట్లో కూర్చుని
నోటికొచ్చిన దిక్కు చెప్పేదాన్ని.
ఆమె "ఊఁ" అనేది. ఎక్కడో రాసుకుంటున్నట్టు.

జనవరిలో పోయింది.
నేల ఇనుములా బిగిసి
గునపం దిగలేదు.
ఏప్రిల్ దాకా ఆగి తాత పక్కన పూడ్చాం,
బూట్లకు మూడంగుళాల బురద,
పక్క పొలంలో ఎవరో విత్తుతున్న యంత్రం చప్పుడు.
పాస్టరు గారి ప్రార్థన అయ్యాక
కాసేపు ఎవరికీ కదలాలనిపించలేదు.
వెర్నా పిన్ని వేలు నోట్లో తడిపి
పైకెత్తి నిలబడింది.

"ఆగ్నేయం" అంది.

జేబులు తడుముకున్నాం.
ఎవరి దగ్గరా పెన్సిలు లేదు.