రాణి రంగు

నాలుగేళ్లు పట్టింది నాకు
ఒక రంగు నోరు కట్టడానికి.

హన్మకొండలో, మూడో అంతస్తు ల్యాబులో
ఫ్యాను ఆగిపోయిన మధ్యాహ్నాల్లో
గుండ్రటి గాజుకుప్పె మీదికి వంగి
అణువు మెడలోని ఉంగరాన్ని మూసేశాను.
మూసినంతసేపూ అది నీళ్లే, వట్టి నీళ్లు.
సోడియం పలకరిస్తే పలకదు,
కాల్షియం భుజం తడితే కదలదు.
క్రోమియం వచ్చి తలుపు కొట్టిందా,
ఉంగరం విచ్చుకుని
ఇక దాచుకోలేక ఎర్రబడుతుంది.

కొత్తవాడ సందులో ఐదు సీసాలు పట్టాను.
ఒక్కోదాంట్లో రెండేసి చుక్కలు.
నల్లా నీళ్లు: ఏమీ లేదు.
మగ్గాలింటి సంపు: ఏమీ లేదు.
అద్దకం కొట్టం వెనక బోరింగు నీళ్లు
ఒక్క క్షణం ఆలోచించి
గులాబీ అయ్యాయి.

చీకటర్రలో యూవీ దీపం కింద పెడితే
ఆడెపు లస్మక్క ముక్కుపుల్ల దాకా పాకింది వెలుగు.
జంపఖానాల నూలు అద్దే మనిషి,
మోచేతుల దాకా ఏ వారం రంగు ఆ వారం.
నేనేమో ఫోన్లో ఫొటోలు తీస్తున్నాను
పనిచేసిందన్న సంబురంలో,
అవి ఎవరో తాగే నీళ్లని మరిచి.

సీసాను కిటికీ వైపు ఎత్తి చూసిందామె.
"గిది మా రాణి రంగే గద బిడ్డా!
దుకాణంల డబ్బాలకు డబ్బాలు దొరుకుతది.
గీదానికి నాలుగేండ్లా?"

నిజమే. ఆ రంగే. నేను చేసిందల్లా
దానికి మౌనం నేర్పడమే.

"గీ నీళ్లతోనైతే పప్పు మెత్తగ ఉడుకుతదని
వాడకట్టంత గీన్నే పడ్తది" అంది మెల్లగా.
తర్వాత అడిగింది:
"చెప్తది సరే. తీస్తదా?"

నా థీసిస్‌లో ఆరు అధ్యాయాలు.
ఆ రెండు ముక్కలకు
ఒక్కదాంట్లోనూ చోటు లేదు.

దండెం మీది రాణి రంగు నూలులోంచి
ఒక పోగు తెంపి
బోరింగు పిడికి మూడు ముడులేసింది.

వారానికి వెళ్లి చూస్తే
ఆ పోగుకెవరో పసుపు పూశారు.
కింద అగరుబత్తి బూడిద.
బిందెల వరుస ఎప్పటిలాగే.

మళ్లీ వారానికి
బోరింగుకు పిడే లేదు.
లస్మక్క కొట్టంలో
తడి నూలు కట్టల మీద
బరువుగా పెట్టి ఉంది.
ఎవరొచ్చి అడిగినా
ఆమె కూడా పలకడం లేదు.