తోడు

నార్త్ డకోటాలో మైనాట్ ఊరి చివర,
గోధుమల గోదాముల వెనక
ఇరవై ఆరడుగుల ఇల్లు నాది.
కింద నాలుగు చక్రాలు.
నవంబరు నుంచి అవి గడ్డిమోపుల చాటున ముడుచుకున్నాయి,
ఇంకెక్కడికీ పోములే అన్నట్టు.

మోపులు పేర్చింది పక్క ట్రెయిలర్ ఆర్విల్.
రైళ్ల బ్రేకులు చూసి చూసి రిటైరైన మనిషి.
మాట తక్కువ.
"నీళ్ల గొట్టం చూశావా?"
పొద్దున్నే ఆయన పలకరింపు అదొక్కటే.

చూశాను. హీట్ టేపు చుట్టాను. అయినా గడ్డకట్టింది.
నైట్ డ్యూటీ నుంచి వచ్చి, ఆసుపత్రి బట్టల మీదే
మంచులో మోకాళ్లూని
హెయిర్ డ్రయ్యర్‌తో గొట్టం ఒళ్లంతా కాచాను,
చంటిపిల్ల ఛాతీకి కాపడం పెట్టినట్టు.
నలభై నిమిషాలకి కుళాయి దగ్గింది.
ఆ దగ్గు విని ఏడ్చాను.
అలసట అనుకోండి.

హీటరూ మైక్రోవేవూ ఒకేసారి వేస్తే
కరెంటు అలిగి పోతుంది.
అన్నమా, వెచ్చదనమా
రోజూ తేల్చుకోవాలి.
నా ఊపిరే కిటికీ మీద నీరై, నీరు మంచై,
తెల్లారేసరికి దుప్పటి అంచు గోడని కరుచుకుని ఉంటుంది.
రాత్రంతా నేను వదిలిన గాలిని
పొద్దున అట్లకాడతో గీకి పారబోస్తాను.

ఇంకో విడ్డూరం.
ఈ ఇంట్లో నీళ్లు తోడుకుంటాయి,
పాలు తోడుకోవు.
మూడు రాత్రులు చూశాను.
గిన్నె వంచితే పాలు పాలలాగే జారాయి.

ఆర్విల్‌కీ నాకూ లెక్క కుదరదు.
నేను మైనస్ ఇరవై అంటే, కాదు, మైనస్ నాలుగంటాడు.
ఎవరి డిగ్రీలు వాళ్లవి.
జనవరి పదిహేడున మాత్రం
ముల్లు సున్నాకి నలభై కిందకి దిగింది.
అక్కడ రెండు లెక్కలూ ఒకటే.
మొదటిసారి ఇద్దరం ఒకే అంకె చెప్పుకుని
పందెం గెలిచినవాళ్లలా నవ్వాం.

ఆ రాత్రి నాకు సెలవు. నిద్ర లేదు.
ఆయన ఫర్నేసు అంటుకునే చప్పుడు నా చెవికి అలవాటు.
టిక్. ఓ క్షణం. హుఫ్.
గోడ అవతల మనిషున్నాడని అదే చెబుతుంది.
రెండున్నరకి
టిక్.
టిక్.
టిక్.

తలుపు మంచుకి బిగుసుకుంటే భుజంతో తోశాను.
టార్చి చంకలో పెట్టుకుని సిలిండరు ముందు ఆయన,
వేళ్లు వంగక, నట్టు తిరక్క.
గ్యాసుకే చలిపుట్టే రాత్రి.
రెంచీ నేను పట్టాను. వెలుతురు ఆయన పట్టాడు.
నోరు తెరిస్తే పళ్లు పగిలేలా ఉంది, తెరవలేదు.

హుఫ్.

కాఫీ ఇచ్చాడు. బల్ల కింద ఓ చెక్కపెట్టె,
అందులో వెలుగుతూ ఓ పాత బల్బు.
ఒకప్పుడు కోడిపిల్లల్ని పొదిగించేవాడట.
ఇప్పుడు బంగాళాదుంపలు గడ్డకట్టకుండా.
నేను వెళ్లి నా పాలగిన్నె పట్టుకొచ్చాను.
దుంపల్ని పక్కకి జరిపాడు, ఎందుకని అడగలేదు.

మర్నాడు సాయంత్రానికి సగమే తోడుకుంది.
పైన నీళ్లు, కాస్త జిగురు, పులుపు.
ఒక చెంచా తిని మొహం చిట్లించాడు.
ఇంకో చెంచా తిన్నాడు.
"అడుగున కొంచెం ఉంచండి, రేపటికి తోడు" అన్నాను.
తోడన్న మాట తెలుగులోనే వచ్చేసింది.
ఇంగ్లీషులో ఏమంటారో
వెతికి వెతికి ఊరుకున్నాను.

ఆయన గిన్నె మీద పళ్లెం మూసి
పెట్టె తలుపు వేసి
"సరే, గొట్టం చూశావా?" అన్నాడు.