మరుగు

గుణుపురం బజారులో నా స్టూడియో బోర్డు మీద
ఒడియాలో పేరు, తెలుగులో పేరు,
ఇంగ్లీషులో మాత్రం ఒక అక్షరం రాలిపోయింది.
లోపల మేకుకి ఒక నల్లకోటు.
ముప్పయ్యేళ్ళుగా ఊరంతా ఆ కోటే తొడుక్కుంది,
పెళ్ళిచూపులకి, లోను కాగితాలకి,
పోయాక గోడకెక్కడానికి.
వీపున పెద్ద చినుగు.
ఫొటోలో వీపు పడదు కదా.

అబద్ధమనకండి. నా కూడు అది.

అందుకే బ్లాకాఫీసు బాబు పిలిచినప్పుడు
నాకేమీ కొత్తగా అనిపించలేదు.
కొండ మీద సవర గూడెం. పన్నెండిళ్ళు.
జీపులో చట్రంతో సహా ఒక నీలం రేకు తలుపు.
చర్చి గోడకి ఆనించి నిలబెట్టేరు.
సుద్దతో ఒకటి రాసి
ఎస్తేరమ్మ కుటుంబాన్ని పక్కన నిలబెట్టి
నవ్వమన్నాను.
తడిగుడ్డతో తుడిచి రెండు.
తుడిచి మూడు.
చీకటి పడేలోగా
పన్నెండు మరుగుదొడ్లు పూర్తి.
ఇంటికో బిస్కెట్టు పొట్లం.
ఫొటోకి ముప్పై నాకు.
వెనక నా స్టాంపు.

వానల్లో ఎస్తేరమ్మ కొండ దిగొచ్చింది.
కోటు కోసం కాదు.
"బాబూ, ఆ తలుపేదీ?"
"ఏ తలుపు?"
"మా పన్నెండిళ్ళకీ ఇచ్చినారే, అది."
తెల్లారకుండా చోడిచేను గట్టుకెళ్ళిన కోడలికి
కాలు ఇంకా వాచే ఉందట.
పాము అనలేదామె.
పురుగు ముట్టింది, అంది.

తలుపు ఆఫీసు సైకిలు షెడ్డులో ఉంది.
వాచ్‌మన్ దాలినాయుడు వాళ్ళ నాన్నకి
చచ్చిపోయాక కోటు తొడిగింది నేనే.
గేటు తాళం మరిచిపోయేడు.
మొదటి బస్సు టాపు మీద తలుపు.
కండక్టరు లగేజీ టిక్కెట్టు కొట్టేడు, ఒకటిన్నర.

గోడ వద్దంది ఎస్తేరమ్మ.
"గోడుంటే మళ్ళీ నమ్మేస్తారు."
ఎవరి పెరట్లో వాళ్ళు.
చోడిచేలో ఒకటి, జీడిమామిడి కింద రెండు,
బండరాయి మీద మూడు.
అటు కొండ, ఇటు కొండ, నడుమ ఒక గడియ.
మిఖాయెలు చెంబు పట్టుకుని
మర్యాదగా తలుపు కొడుతున్నాడు.
వెనకనించి కవలలు తొంగిచూస్తున్నారు.
సుద్ద నంబర్లు ఈసారీ నేనే రాసేను.
ఏడు కింద ఆరు చెరగలేదు. చెరపలేదు.
ముఖం ఎలా పెట్టాలో చెప్పబోతే
"ఊరుకో బాబూ, అప్పుడే నేర్పినావు కదా" అన్నారు.

సోమవారం ఫిర్యాదుల రోజు.
ఆఫీసరు కళ్ళద్దాలు తీసేడు.
"ఇవి నిలబెట్టి తీసినవి."
"అవునండి."
"నాటకం."
"అవునండి. తలుపు అదే, మనుషులు వాళ్ళే,
తీసింది నేనే. వెనక్కి తిప్పండి, స్టాంపుంటుంది."
తిప్పలేదు. లెక్కపెట్టేడు.
"పాతవి పన్నెండు. ఇవి పదకొండే."
"అదొక్కటీ నాటకం కాదండి. అందుకే తేలేదు."

సొంబారి అవ్వది పన్నెండో ఇల్లు. ఒక్కతే.
తలుపు ముందుకి రమ్మంటే రాలేదు.
"అందరూ అటు తిరగండి" అంది.
తిరిగేరు. చట్రం పట్టుకున్న కుర్రాళ్ళు
కళ్ళు గట్టిగా మూసుకున్నారు.
"నువ్వూ. దాని కన్నూ."
కెమెరాకి మూత పెట్టేను.

కిర్రుమంది. గడియ పడింది.
లోపల,
లోపలని ఎలా అంటాను,
అక్కడా ఇదే కొండ, ఇదే మబ్బు,
చాలాసేపు ఏ అలికిడీ లేదు.
తొందరగా రమ్మని ఎవరూ పిలవలేదు.
ఎక్కడో కోడి. తర్వాత
నీళ్ళకుండ దించినట్టు ఒక ఊపిరి.
మూత తియ్యకుండానే నొక్కేను.

తలుపుని జప్తు చేసేరు.
దానికిప్పుడు కేసు నంబరుంది,
సుద్దతో కాదు, పెయింటుతో.
నా మీద సర్కారు సొమ్ము దొంగతనం.
కొండ మీద ఇంకా గొయ్యి కూడా తవ్వలేదు.

నల్లగా వచ్చిన ఆ ఫొటో కట్టించి
కోటు పక్కన తగిలించేను.
ఇది రాలేదా, అనడుగుతారు గిరాకీలు.
వచ్చిందంటాను.
కోటు అందుకోండి, ఇలా కూర్చోండి,
చేతులు మోకాళ్ళ మీద.