కాకుల పని

రోజుకు ముప్పావలా. కాకుల్ని తోలడం నా పని.
వడపళనిలో ఆ స్టూడియోకి రేకుల కప్పు,
కప్పు మీద వెదురుకర్రతో నేను,
నా కింద ఒకే ఒక్క మైకు.

ఎర్ర బల్బు వెలిగితే ఫ్యాన్లు ఆపేసేవారు.
లోపల పద్నాలుగుమంది చెమటలు కక్కుతూ,
పైన నేను అరికాళ్ళు మార్చుకుంటూ.
మేకు ఊడినచోట రూపాయంత కంత.
నాకు తెలిసిన సంగీతమంతా అందులోంచి వచ్చిందే.

డెస్మండ్ పెరంబూరు రైల్వే క్వార్టర్సు నుంచి సైకిలు మీద వచ్చేవాడు,
హ్యాండిలుకి ఒకవైపు ట్రంపెట్టు, ఒకవైపు టిఫిను.
దొర అని మేం పిలిచేవాళ్ళం, జీతం మాత్రం ఫైర్‌మన్‌ది.
తెలుగు ముక్క రాదు.
సుగుణమణిది కోవూరు. చర్చిలో పెరిగిన గొంతు.
జాజ్ అంటే ఏదో జబ్బు పేరనుకుందట మొదట.

"నీ గొడుగు నా దగ్గరే ఉంది."
అంతే పల్లవి. రాసినాయన కాఫీకి పోయాడు.
ఏమడుగుతోంది ఈ పిల్ల, అన్నాడు డెస్మండ్ అరవంలో.
ఆమె పైటకొంగు తలమీదికి ఎత్తి పట్టింది,
నాకు కనిపించడం మానేసింది.
కొంగు అంచు దాటి ఒక అరచెయ్యి, చినుకుల కోసం.
తర్వాత అదే చెయ్యి పక్కనున్న ఖాళీని చూపించింది,
ఒక మనిషి పట్టేంత ఖాళీ.
అతను చాలాసేపు అక్కడే చూశాడు.
జేబులోంచి రుమాలు తీసి ట్రంపెట్టు నోట్లో కుక్కాడు.

అప్పటికి ఆరు టేకులు పోయాయి.
ఒకటి కోడంబాకం రైలుకి, ఒకటి ఆమె దగ్గుకి,
నాలుగు నా కాకులకి.

ఏడోది.
ఒకే మైకు కదా, పైస్థాయికి ఆమె అడుగు వెనక్కి వెయ్యాలి,
ఆ అడుగులోకి అతను రావాలి.
ఆమె వదిలిన వేడి ఆరకముందే అక్కడ అతని ఊపిరి.
తాళం మీద పడాల్సిన మాటని
కాస్త ఆలస్యంగా వదిలిందామె,
బస్సు దిగాలా వద్దా అన్నట్టు.
అతను ఆగాడు. బ్యాండు మొత్తం ఆగింది, ఆగకుండానే.
కంతకి చెవి ఆనించి పడుకున్నాను. రేకు కాలుతోంది.
కర్ర ఎక్కడ పెట్టానో గుర్తులేదు.

కాకి వచ్చింది.
సరిగ్గా "గొడుగు" తర్వాత, ఒక్కసారి.

ఇంజనీరు లేవబోతే డెస్మండ్ చెయ్యెత్తాడట.
ఆమె నవ్విందట. ఉంచేశారు.
నాకు మాత్రం ఆ రోజు కూలి కోత.

వాళ్ళిద్దరి మధ్యా ఏమన్నా ఉందా అని అడుగుతారు.
తెలీదు. నాకు కనిపించినవి నడినెత్తులే,
ఒక పాపిట, ఒక పలచబడ్డ జుట్టు, మధ్యన మైకు.

ఏళ్ళ తర్వాత మూర్ మార్కెట్లో పాత రికార్డులవాడు
వేసి వినిపించాడు. కాకి దగ్గర మొహం చిట్లించి,
గీత పడింది, సగం ధరకిస్తా, అన్నాడు.
గీత కాదయ్యా, అన్నాను.
మొత్తం ధర ఇచ్చి తెచ్చుకున్నాను.
ఇంట్లో గ్రామఫోను లేదు.