దీపం బిగించినవాడి వాంగ్మూలం

జూన్ నెల. నాలుగు వేల మీటర్ల ఎత్తున మా ఊరు.
గడ్డి మీద బంగాళాదుంపలు పరిచాం.
రాత్రి మంచు కొరకాలి, పగలు మేం తొక్కాలి,
అవి రాళ్ళలా ఎండి ఏడాదంతా నిలవుండేదాకా.
కాపలా మా నాయనమ్మ ఫోర్తునాతాది.
బుగ్గన కోకా ఆకు, ఒళ్ళో వడిసెల.

స్తంభం నాటింది నేనే.
తెల్లటి ఎల్ఈడీ దీపం. స్విచ్ వేయగానే
పిల్లలు చప్పట్లు కొట్టారు, కుక్కలు మొరిగాయి,
మేయర్ గారి ఫోటోలో నేను సగం పడ్డాను.

ఆ రాత్రి నాయనమ్మ తలెత్తి చూసి
"పిల్ల ఏదిరా విల్బర్?" అంది.

ఏ పిల్ల అని అడగలేదు నేను.
బడి పుస్తకంలో అది పాలపుంత.
జీవాల పాలు పితకని మా ఊళ్ళో
పాల మాటెవరిక్కావాలి? మాకది ఏరు.
ఏట్లో మెరిసేవాటిని మేం లెక్కపెట్టం,
నడుమ నడుమ నల్లటి మడుగుల్ని చూస్తాం.
అదిగో కప్ప. అల్లదిగో కౌజుపిట్ట.
మెడ చాచిన తల్లి లామా, దాని కళ్ళకి రెండు చుక్కలు,
కింద, తలకిందులుగా, పొదుగు వెతుక్కునే పిల్ల.
చుక్కలు లేనిచోటే మా జంతువులుంటాయి.

"దీపం చుక్కల్ని మింగింది నాయనమ్మా."
"చుక్కలదేముంది, ఇంకా నాలుగు మిగిలాయి.
చీకటే పలచబడింది, నీళ్ళు కలిపిన గంజిలాగ.
పలచటి చీకట్లో జీవం నిలవదురా."

నిజమే.
తల్లి కళ్ళు రెండూ ఉన్నాయి.
తల్లి లేదు.

మూడో రాత్రి వడిసెల తిరిగిన చప్పుడు.
నక్కని తోలే విసురే, కొంచెం పైకి.
డెబ్బయ్యారేళ్ళ భుజం. ఒకటే రాయి.
గాజు రాలాక కుక్కలు కూడా మాట్లాడలేదు.

పొద్దున సభ పెట్టారు. ఎవరు చూశారని అడిగారు.
చీకట్లో ఏం కనిపిస్తుందండీ, అన్నారు అందరూ.
నన్నూ నిలబెట్టారు.
చూసింది చూసినట్టు చెప్పాను:

దుంపల పక్కన వెల్లకిలా పడుకున్నాను,
కళ్ళు అలవాటు పడడానికి కాసేపు పట్టింది.
ముందు మెడ వచ్చింది. తర్వాత వీపు.
చాలాసేపటికి,
నేనిక రాదనుకున్నాక,
పిల్ల.

కొత్త దీపానికి అర్జీ నేనే రాశాను, ఉద్యోగం మరి.
నేలకి మాత్రమే వెలుగిచ్చేది కావాలన్నాను,
నెత్తిన టోపీ ఉన్నది, లాగితే ఆరిపోయే తాడున్నది.
అలాంటిది గోడౌన్‌లో లేదట, తెప్పిస్తారట.
ఇంకా రాలేదు.
దుంపలు బాగా ఎండుతున్నాయి.