నాలుగు వేల నూట డెబ్బై రెండు

లాలాపేటలో జాన్‌సైదా గారి స్టూడియో మూసేశాక
డార్క్‌రూమ్ నాకిచ్చారు,
ఒక స్కానరూ ఒక టేబుల్ ఫ్యానూ పెట్టి.
పదకొండు వేల నెగెటివులు.
ఒక్కోదానికి ఒక నంబరు, నంబరు కింద తొమ్మిది గడులు.
గడికి నలభై పైసలు.

ఈమధ్య ఒక కొత్త పనిముట్టు వచ్చింది.
మనుషులు కాదు,
మనుషుల తరఫున వెతికే ఏజెంట్లు
దాన్ని నా అరల్లోకి పంపుతాయి.
రికార్డు రూములో చెప్పుల చప్పుడు లేకుండా తిరిగే
బంట్రోతు లాంటిది.
నంబరు చెబితే చాలు, వెళ్తుంది, వస్తుంది.
ఫొటో తేదు.
ఫొటోకి కట్టిన చీటీ తెస్తుంది.
ముఖం చూడదు గానీ
ముఖమున్న కాగితం ఎన్ని చుక్కల వెడల్పో చెబుతుంది.

పొద్దున్నే దాని చిట్టా విప్పుతాను,
పాలవాడి లెక్క చూసుకున్నట్టు.
రాత్రి రెండుంబావుకి ఎవరికో మూడొందల పన్నెండు కావాల్సొచ్చింది. ఇచ్చింది.
తెల్లారగట్ల ఇరవై వేలు అడిగారు. లేదంది.
లేదనడానికి దానికి మొహమాటం లేదు.

4172 ని మాత్రం ఏడాదిగా ఎవరూ అడగలేదు.
రకం: ఫొటో.
వెడల్పు రెండువేల నాలుగొందలు.
ఎత్తు మూడువేల రెండొందలు.
రంగు: నలుపు తెలుపు.
తేదీ: ఖాళీ.
వివరణ: ఖాళీ.
ఎవరైనా అడిగుంటే
ఆ ఖాళీని కూడా ఒలక్కుండా తీసుకెళ్లి
చేతిలో పెట్టేదే.

నెగెటివుని వెలుతురుకి పట్టుకున్నాను.
పరదా మీద గీసిన చెరువు, అందులో ఒక హంస,
ముందు ఒక కుర్చీ.
కుర్చీలో ఎవరూ లేరు.
దాని వీపు మీద చెయ్యేసి ఒకావిడ నిలబడింది,
కాళ్లకి చెప్పుల్లేవు.
కవరు మీద జాన్‌సైదా గారి పెన్సిలు:
“చీర మిరపపండు రంగు.
నవ్వమంటే నవ్వలేదు.
డబ్బులు రేపు.”

నలుపు తెలుపు పెట్టెలో యాభై ఏళ్లు
ఒక ఎరుపు ముడుచుక్కూర్చుంది!
వివరణ గడిలో రాశాను:
ఎర్రచీర కట్టుకున్న స్త్రీ, ఖాళీ కుర్చీ పక్కన.
మా ఇన్‌ఛార్జి కోటిరత్నం గారు ఫోన్ చేశారు:
“ఫొటోలో ఎరుపెక్కడుందమ్మా?
కనబడేదే రాయి, కవిత్వం వద్దు.”
ఉందండీ, కవరు మీద ఉంది, అన్నాను.

వారం తిరక్కుండా
ఒక్క రాత్రిలో మూడుసార్లు అడిగారు 4172.
ఎవరు? చిట్టాలో పేరుండదు.
ఎవరి అక్క, ఎవరి పిన్ని, తెలీదు.
ఎర్రచీర అని ఎవరో ఏ ఊళ్లోనో అడిగుంటారు,
ఏజెంటు దీన్ని పంపుంటుంది,
ఇది నా గడి తీసుకెళ్లి ఇచ్చుంటుంది.
ఆ పూట టీ రెండుసార్లు తెప్పించుకున్నాను.

మధ్యాహ్నం గుర్తొచ్చింది.
వానల్లో కప్పు కారినప్పుడు
ఆ వరస పెట్టెలు కిందపడ్డాయి.
కవర్లు ఒకచోట, నెగెటివులు ఒకచోట.
ఏరి ఏరి లోపల పెట్టింది నేనే,
కరెంటు లేని చీకట్లో, సెల్లు దీపంతో.

ఆ ఎరుపు ఈవిడదేనా?

గడిలోకి మళ్లీ వెళ్లి
ఎర్రచీర పక్కన ‘కావచ్చు’ చేర్చాను.
రాత్రి నాలుగోసారి అడిగారు.
పనిముట్టు ‘కావచ్చు’నీ అంతే జాగ్రత్తగా మోసుకెళ్లింది,
బరువెక్కువని గొణక్కుండా.
అవతల ఏజెంటు దాన్ని ఉంచిందో, దులిపేసిందో
చిట్టా చెప్పదు.

కవరు మళ్లీ తెరిచాను.
లోపల్నించి మిరప కోరు లేచి
వరసగా మూడు తుమ్ములు.
డబ్బులు రేపు, అని ఉంది కదా,
ఆ రేపు వచ్చిందో లేదో
రాయడానికి గడి కోసం
ఇంకా కిందికి జరుపుతూనే ఉన్నాను.