సున్నంలో సున్న

ముత్తుకూరు రోడ్డు మీద రొయ్యల ల్యాబు నాది.
చదివింది ఫిజిక్సు, చేసేది గుంట నీళ్ళ పరీక్ష.
ఎర్రటి నీళ్ళు నీలంగా తిరిగేదాకా
బొట్టు బొట్టు దించి
కాల్షియం ఇంత అని చీటీ రాసిస్తాను.
పొట్టు విడిచిన రొయ్య గట్టిపడాలంటే సున్నం కావాలి,
సున్నానికి చెంగమ్మ కావాలి.

కండలేరు పాయ ఒడ్డున ఆమె బట్టీ.
కాల్చేముందు ఒక్కో గుల్లనీ అరచేతిలో ఎగరేస్తుంది.
చూపుకి రెండూ ఒకటే.
ఒకటి ఈ గంపలోకి, ఒకటి ఆ గంపలోకి.
"ఇది బరువుండాదబ్బయ్యా, లోపల బురద.
కంటికేం తెలస్తది, చెయ్యికి తెలస్తది."

కాల్షియంలోనూ అన్నదమ్ములున్నారు
నలభై తూగేవాడు, నలభై ఎనిమిది తూగేవాడు.
ఇద్దరికీ ప్రోటాన్లు ఇరవయ్యే.
రెండోవాడి ఇంట్లో ఎనిమిది న్యూట్రాన్లు ఎక్కువ.
మరి ఇల్లెంత వెడల్పు?
ఎలక్ట్రాన్ని అడిగితే లాభం తక్కువ,
పొలిమేరలో కాపురం దానిది,
నడింటి సంగతి అంతంతమాత్రమే తెలుసు.

మ్యూయాన్ని పంపాలి.
అదే పోలిక, రెండొందల ఏడింతల బరువు.
మెట్టు మెట్టుకీ ఒక ఎక్స్‌రే విసురుతూ జారి జారి
కేంద్రకం గడప తొక్కుతుంది.
ఇల్లు వెడల్పైతే చివరి మెట్టు పిసరంత పొట్టిదవుతుంది.
ఆ పిసరే కొలత.
అది చెప్పి పోతుంది,
రెప్పపాటులో పదిలక్షలో వంతు దాని బతుకు.

ఎక్కడో కొలిచారు.
నలభై నాలుగు దగ్గర ఇల్లు కాస్త ఉబ్బింది,
నలభై ఎనిమిదికొచ్చేసరికి మళ్ళీ ముడుచుకుంది.
మొదటివాడికీ చివరివాడికీ తేడా
ఇంచుమించు సున్న.
ఎనిమిదిమంది దిగినా గోడ జరగలేదు.
ఎందుకో పెద్దోళ్ళకే ఇంకా లెక్క తెగలేదట.

చెంగమ్మకి చెప్పాను.
"నా సున్నంలో ఆ బరువోళ్ళెందరు?"
వెయ్యికి ఇద్దరు కూడా నిండరన్నాను.
"ఏరి చూపియ్యి."
నవ్వానే గాని, ఎట్టా చూపేది?

మ్యూయాన్లు పైనుంచి రాలుతూనే ఉంటాయి,
ఆమె అరచేతిలోంచి సెకనుకొకటి దూరిపోతూ.
ఏదో ఒకటి ఈ గుల్లల కుప్పలో ఆగిపోయి
తన చివరి ఎక్స్‌రే విసిరే ఉంటుంది.
దాన్ని పట్టే యంత్రం
ఈ ఏటి గట్టున లేదు.

నలభై అని రాసున్న బస్తా
కాటా మీద నలభై మూడు చూపించింది.
"తడి పీల్చింది" అంది.
మూడు కేజీలకి డబ్బులియ్యనన్నాను.
గంప విదిలించింది,
నా చొక్కా తెల్లగా.